ఒక బాణీ – నాలుగు పేర్లు
(ఐర్లండు హార్న్‌పైప్ గురించి ఒక చిన్న పాఠం)



వార్షికోత్సవ సంచికకు కథ గానీ కవిత గానీ కాకుండా పాఠం లాంటిది ఒకటి రాయమని సంచిక కమిటీ వాళ్లు అడిగారు. పీజీలో జానపద విజ్ఞానం పేపరుకు నేను ఒక సెమినారు ఇవ్వాల్సి వచ్చింది. "నోటి మీద బతికే పాటలకు పేర్లు ఎందుకు మారతాయి?" అన్నది నేను తీసుకున్న అంశం. ఉదాహరణ కోసం వెతుకుతుంటే ఎక్కడో ఐర్లండులో పుట్టిపెరిగిన చిన్న నాట్య బాణీ ఒకటి దొరికింది. సెమినారు అయిపోయింది, మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ బాణీ మాత్రం నన్ను వదల్లేదు. కారణం చివర్లో చెబుతాను. ముందు పాఠం.

హార్న్‌పైప్ అంటే ఏమిటి?

మీలో చాలామంది హార్న్‌పైప్‌ను ఇప్పటికే విన్నారు. కాకపోతే దాని పేరు మీకు తెలియదు. పాలకూర డబ్బా తిని కండలు పెంచే పొపాయ్ కార్టూన్ గుర్తుందా? అది మొదలయ్యేటప్పుడు వచ్చే గంతుల సంగీతంలో "సెయిలర్స్ హార్న్‌పైప్" అనే బాణీ ముక్క ఉంటుంది. సెయిలర్ అంటే ఓడ నావికుడు. తమాషా ఏమిటంటే ఈ ఒక్క బాణీకే "కాలేజ్ హార్న్‌పైప్" అనీ, "జాక్స్ ద లాడ్" అనీ ఇంకా పేర్లున్నాయి. అంటే మన పాఠం కార్టూన్ దగ్గరే మొదలైపోయింది.

హార్న్‌పైప్ అనే మాట మొదట ఒక వాయిద్యానికి పేరు. గొట్టానికి చివర కొమ్ము బిగించి ఊదే వాయిద్యం అది. తరువాత ఒక రకం నాట్యానికి, ఆ నాట్యానికి వాయించే బాణీకి కూడా అదే పేరు వచ్చింది. ఇంగ్లండులో పాత హార్న్‌పైప్‌లు మూడు దెబ్బల లయలో ఉండేవి. 18వ శతాబ్దం రెండో సగానికి నాలుగు దెబ్బల హార్న్‌పైప్ వ్యాప్తిలోకి వచ్చింది. నాటకాల్లో ఒక అంకానికీ ఇంకో అంకానికీ మధ్య నర్తకులు వేదిక మీద దీన్ని ఆడేవారు. ఐర్లండులో ఊరూరా తిరిగి నాట్యం నేర్పే పంతుళ్లు ఉండేవారు. వాళ్ల ద్వారా ఇది అక్కడి పల్లెల్లో స్థిరపడింది. గట్టి బూట్లు వేసుకుని, నేల మీద అడుగుల చప్పుడు వినబడేలా ఒక్కరే నిలబడి ఆడే నాట్యం ఇది. ఫిడేలు, ఫ్లూటు, టిన్ విజిల్, అకార్డియన్, సంచిలోకి గాలి కొట్టి వాయించే ఇలియన్ పైప్స్ మీద ఈ బాణీలు వాయిస్తారు.

దీన్ని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చెబుతాను.

1. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక కొలత. ఎనిమిది కొలతలు కలిస్తే ఒక భాగం. బాణీకి సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒక్కొక్క భాగాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొత్తం 32 కొలతలు.

2. ప్రతి దెబ్బలో రెండు స్వరాలుంటే మొదటిది కాస్త సాగుతుంది, రెండోది కురచగా ఉంటుంది. అన్నం కంచం మీద వేళ్లతో "ధా…క, ధా…క, ధా…క, ధా…క" అని కొట్టి చూడండి. కుంటుతూ నడుస్తున్నట్టు ఉంటుంది. అదే హార్న్‌పైప్ నడక. పుస్తకాల్లో ఈ స్వరాలను చాలాసార్లు సమానంగానే అచ్చువేస్తారు. ఆ కుంటు నడక కాగితం మీద ఉండదు, వాయించేవాళ్ల చేతిలో ఉంటుంది.

3. భాగం పూర్తయ్యేచోట తరచుగా మూడు గట్టి దెబ్బలు పడతాయి. "ధన్, ధన్, ధన్" అని ఆగుతుంది. నర్తకుల బూట్లు కూడా అక్కడే మూడుసార్లు నేలను కొడతాయి.

మన బాణీ ఎలా ఉంటుంది?

నేను తీసుకున్న బాణీ పేరు "ద హార్వెస్ట్ హోమ్". పంట కోత పూర్తయి చివరి బండి ఇంటికి చేరిన రోజున చేసుకునే పండుగకు ఇంగ్లీషులో ఆ పేరు ఉంది. ఐరిష్ సంగీతం కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే హార్న్‌పైప్‌లలో ఇదొకటి.

దీన్ని డి మేజర్ అనే స్వరశ్రేణిలో వాయిస్తారు. మన లెక్కలో చెప్పాలంటే అవి శంకరాభరణం స్వరాలే. డి ని 'స' అనుకుంటే మొదటి మూడు కొలతలు ఇలా వస్తాయి. చుక్క పెట్టిన స్వరం పై స్థాయిది.

స ప గ ప – స ప గ ప
స. రి. గ. రి. – స. ని ద ప
రి. ప గ. ప – మ. ప గ. ప

హార్మోనియం ఉన్నవాళ్లు వాయించి చూడండి, లేనివాళ్లు పాడి చూడండి. మూడో కొలతను గమనించండి. ఒక స్వరం పైకి ఎక్కుతూ ఉంటుంది, కానీ ప్రతిసారీ మధ్యలో 'ప' దగ్గరికి వచ్చిపోతుంది. వాకిట్లో ఆడుకునే పిల్లలు మాటిమాటికీ వచ్చి గుంజను ముట్టుకుని పోయినట్టు. ఈ కదలికే ఈ బాణీ ముఖం. వాయించేవాళ్లు ఒక స్వరం అటూ ఇటూ మార్చినా, మధ్యలో చిన్న మెలిక కలిపినా, ఈ ముఖం చూసి విన్నవాళ్లు "ఇది అదే" అంటారు.

నాలుగు పేర్లు

ఇప్పుడు అసలు సంగతి. ఇదే బాణీ వేర్వేరు చోట్ల వేర్వేరు పేర్లతో దొరుకుతుంది. నాలుగు చెబుతాను.

ఒకటి, "హార్వెస్ట్ హోమ్". ఇది పండుగ పేరు.

రెండు, "కార్క్ హార్న్‌పైప్". కార్క్ అనేది ఐర్లండు దక్షిణాన ఉన్న జిల్లా. అంటే ఇది ఊరి పేరు. బాణీ ఎక్కడిదని అడిగితే చెప్పే జవాబే పేరుగా నిలిచిపోయింది.

మూడు, "ఫ్రెడ్ విల్సన్స్ క్లాగ్". క్లాగ్ అంటే చెక్క అడుగు ఉన్న బూటు. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల కూలీలు అలాంటి బూట్లు వేసుకునేవారు. వాటితో చప్పుడు చేస్తూ ఆడే నాట్యం అమెరికా వేదికల మీద కూడా పేరుపొందింది. ఫ్రెడ్ విల్సన్ 19వ శతాబ్దంలో అక్కడ మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల్లో క్లాగ్ నాట్యం చేసిన నర్తకుడు. 1883లో బోస్టన్‌లో అచ్చయిన "ర్యాన్స్ మమ్మత్ కలెక్షన్" అనే పెద్ద బాణీల పుస్తకంలో ఈ పేరు ఉంది. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరిస్తూ చేసిన ప్రదర్శనలవి. ఆడినవాడి పేరు బాణీకి మిగిలింది. వెక్కిరింతకు గురైనవాళ్ల పేర్లు మిగల్లేదు.

నాలుగు, "సిన్సినాటి హార్న్‌పైప్". సిన్సినాటి అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న నగరం. బాణీ సముద్రం దాటిపోయి అక్కడ కొత్త ఊరి పేరు పెట్టుకుంది.

పండుగ పేరు, ఊరి పేరు, మనిషి పేరు, మళ్లీ ఊరి పేరు. నాలుగింటిలో ఏది కూడా బాణీ లోపలి నుంచి వచ్చింది కాదు. స్వరాల్లో కోత లేదు, కార్క్ లేదు, ఫ్రెడ్ విల్సన్ లేడు. మాటలు లేని సంగీతానికి పేరు ఎప్పుడూ బయటివాళ్లే పెడతారు.

అలాగని పేరు ఉత్తదే అనుకోకూడదు. "రైట్స్ ఆఫ్ మ్యాన్" అనే ఇంకో ప్రసిద్ధమైన హార్న్‌పైప్ ఉంది. "మనిషి హక్కులు" అని అర్థం. థామస్ పెయిన్ 1791లో ఆ పేరుతో పుస్తకం రాశాడు. హక్కులు రాజు ఇచ్చేవి కావు, మనిషికి పుట్టుకతో ఉండేవి అని వాదించిన పుస్తకం. ఆ రాతకు 1792లో ఇంగ్లండు కోర్టు అతడు లేకుండానే అతడిని దోషిగా ప్రకటించింది. బాణీకి పేరు ఆ పుస్తకం నుంచే వచ్చిందని సాధారణంగా చెబుతారు. పుస్తకం చదవలేనివాళ్లు కూడా ఆ మాటను బాణీ పేరుగా పలికే ఉంటారు.

పేర్లు ఎందుకు మారతాయి?

మొదటి కారణం వలస. ఐర్లండు పేదలు కోతల కాలంలో స్కాట్లండు, ఇంగ్లండు పొలాలకు కూలికి వెళ్లి, పని అయ్యాక తిరిగొచ్చేవారు. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. 10 లక్షల మందికి పైగా దేశం వదిలి పోయారు. ఆలుగడ్డ తప్ప వేరే తిండి లేని కూలి కుటుంబాలే ఎక్కువగా చనిపోయాయి. ఆ ఏళ్లలో కూడా ఐర్లండు రేవుల నుంచి ధాన్యం, పశువులు బయటికి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. వలసపోయినవాళ్లు సామాను ఎక్కువ మోయలేరు. బాణీకి బరువు లేదు కాబట్టి అది వాళ్లతో పోయింది. వలస అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండో కారణం చెవి. హార్వెస్ట్ హోమ్‌తో జంటగా తరచుగా వాయించే ఇంకో హార్న్‌పైప్ "బాయ్స్ ఆఫ్ బ్లూహిల్", అంటే నీలికొండ కుర్రాళ్లు. అదే బాణీకి అమెరికాలో "బో ఆఫ్ ఓక్ హిల్" అనే పేరుంది. ఈ 'బో' ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, సోకుగాళ్లు అని అర్థం. ఒకరు "బోజ్ ఆఫ్ ఓక్ హిల్" అంటే పక్కవాళ్లకు "బాయ్స్ ఆఫ్ ఓక్ హిల్" అని వినబడుతుంది. "బాయ్స్ ఆఫ్ ఓక్ హిల్" అనే పేరు కూడా నిజంగానే ఉంది. అక్కడి నుంచి బ్లూహిల్ ఎంత దూరం? ఏది ముందు, ఏది వెనుక అన్నది పక్కన పెట్టండి. మూడు పేర్లనూ గట్టిగా పలికి చూస్తే చెవి చేసే పని మీకే అర్థమవుతుంది.

మూడో కారణం కొత్త మాటలు. దీనికి ఉదాహరణ మన దక్షిణాదిలోనే ఉంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఈస్టిండియా కంపెనీ బ్యాండువాళ్ల బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. వాటిని నోట్టుస్వరాలు అంటారు. అవి శంకరాభరణం స్వరాల్లో ఉంటాయి. వాటిలో "వందే మీనాక్షి" అనేదాని బాణీ "రేక్స్ ఆఫ్ మాలో" అనే ఐరిష్ బాణీ. మాలో అనేది కార్క్ జిల్లాలోని ఊరే. ఆ ఊరి జులాయిల పేరుతో ఉన్న బాణీ ఇక్కడికి వచ్చి అమ్మవారి స్తుతి అయింది. సంగీతం నేర్చుకునే పిల్లలు దాన్ని ఇప్పటికీ పాడుతున్నారు.

రాసిపెట్టినవాళ్లు

ఈ బాణీలు రాతలోకి రావడానికి చాలామంది పనిచేశారు. ఇద్దరి గురించి చెబుతాను.

ఫ్రాన్సిస్ ఓనీల్ 1848లో కార్క్ జిల్లాలో పుట్టాడు. పదహారేళ్లకే ఇల్లు వదిలి ఓడల్లో పనికి చేరాడు. పసిఫిక్ సముద్రంలో ఓడ మునిగితే ఒక దీవిలో చిక్కుకుని బయటపడ్డాడు. చివరికి అమెరికాలోని షికాగో చేరి 1873లో పోలీసు ఉద్యోగంలో చేరాడు. 1901 నుంచి 1905 వరకు ఆ నగర పోలీసు శాఖకు అధిపతిగా చేశాడు. వలస వచ్చిన ఐరిష్‌వాళ్ల దగ్గరి బాణీలన్నీ సేకరించి 1903లో 1,850 బాణీలతో "మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్" అచ్చువేశాడు. 1907లో 1,001 నాట్య బాణీలతో ఇంకో పుస్తకం తెచ్చాడు. ఇంత చేసిన మనిషికి స్వరాలను కాగితం మీద రాయడం రాదు. చిన్నప్పటి నుంచి విన్న బాణీలు అతని తలలో ఉండేవి. అతను వినిపిస్తే, అదే పోలీసు శాఖలో పనిచేసే జేమ్స్ ఓనీల్ రాసేవాడు. ఒకే బాణీ వేర్వేరు పేర్లతో, ఒకే పేరుతో వేర్వేరు బాణీలు వచ్చి తనను ఎంత తికమక పెట్టాయో ఫ్రాన్సిస్ 1910లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు.

రెండో ఆయన బ్రెండాన్ బ్రాన్నాఖ్ (1912–1985). ఐర్లండులో ప్రభుత్వ ఉద్యోగి, ఇలియన్ పైప్స్ వాయించేవాడు. 1963లో ఆయన బాణీల సంపుటాల్లో మొదటిది వచ్చింది. ఆయన వేల బాణీలను కార్డుల మీదికి ఎక్కించాడు. కానీ వాటిని పేర్ల వరుసలో పెడితే ఒకే బాణీ నాలుగు చోట్ల కూర్చుంటుంది. అందుకని ప్రతి బాణీ మొదటి కొలతల్లోని ముఖ్యమైన స్వరాలకు అంకెలు వేసి, ఆ అంకెల వరుసలో పెట్టాడు. ఇప్పుడు పేరు తెలియకపోయినా బాణీ దొరుకుతుంది. పేర్లు వేరైనా స్వరం ఒకటైతే రెండు కార్డులు పక్కపక్కకు వస్తాయి. అలాగని ఆయన పేర్లను పారేయలేదు. బాణీ కింద దాని పేర్లు, ఎవరి దగ్గర విన్నదీ రాసిపెట్టాడు.

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చింది ఈ పద్ధతే. గుర్తుపట్టడం లోపలి స్వరాన్ని బట్టి. రాయడం మాత్రం అన్ని పేర్లతో, చెప్పినవాళ్ల పేరుతో సహా.

ఇది మనకెందుకు?

ఇప్పుడు మొదట్లో దాచిన సంగతి చెబుతాను.

మా నాయన పేరులో నడిమి అక్షరం నా కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఒకదాంట్లో 'చ', ఇంకోదాంట్లో 'శ', మూడోదాంట్లో 'స'. నాయనకు చదువు రాదు. ఆయన పేరు చెప్పినప్పుడల్లా బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు ఎట్లా వినబడితే అట్లా రాశారు. రాసింది సరిగ్గా ఉందా అని చదివి వినిపించినవాళ్లు లేరు. డిగ్రీలో నా స్కాలర్‌షిప్ ఈ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది. ముగ్గురూ ఒకే మనిషి అని నిరూపించడానికి నాయన మూడు రోజుల కూలి వదులుకుని కాగితాల చుట్టూ తిరిగాడు. మీలో చాలామంది ఇళ్లలో ఇదే కథ ఉంటుందని నాకు తెలుసు.

సెమినారుకు చదువుతుంటే 'బో' కాస్తా 'బాయ్స్' అయిన చోట నేను ఆగిపోయాను. అది నాయన అక్షరం కథే. తేడా ఒకటుంది. బాణీకి నాలుగు పేర్లుంటే దానికి నష్టం లేదు, నాలుగు ఊళ్లలో చుట్టాలున్నట్టే. మనిషికి మూడు పేర్లుంటే మాత్రం ఆయన తన కొడుక్కో బిడ్డకో తండ్రినని సాక్ష్యం తెచ్చుకోవాలి. చెవి తప్పు వినడం పెద్ద నేరం కాదు. రాసినవాళ్లు తిరిగి అడగకపోవడమే తప్పు.

మా నాయన డప్పు కొడతాడు. ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో ఉండి నేను ఆయన్ని ఒక్క దరువు పేరు కూడా అడగలేదు. ఐర్లండు బాణీకి నాలుగు పేర్లు నేర్చుకున్నాక సిగ్గేసింది. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఒక దరువు కొట్టించుకుని "దీని పేరేంది నాయనా?" అని అడిగాను. మా ఊళ్లో ఒక పేరు, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇంకో పేరు అన్నాడు. "ఇందులో అసలు పేరేది?" అని అడిగితే నవ్వి, "పేరు దేనికి బిడ్డా, కొడితే తెలుస్తది" అన్నాడు. బ్రాన్నాఖ్ అన్ని కార్డులు రాసి తేల్చిన సంగతిని నాయన మంచం మీద కూర్చుని చెప్పాడు.

నేను రెండు పేర్లూ రాసుకున్నాను. ఏ పేరు ఏ ఊరిదో రాసుకున్నాను. దెబ్బలను "ధా, క" అని అక్షరాల్లో పెట్టాను. చివర "చెప్పినవారు" అని రాసి నాయన పేరు వేశాను. నడిమి అక్షరం దగ్గర ఆగి, "నువ్వు ఎట్లా పలుకుతవో మళ్లా చెప్పు నాయనా" అని అడిగాను. రెండుసార్లు చెప్పాడు. విన్నది రాసి చదివి వినిపించాను. "ఆఁ, అదే" అన్నాడు.

మన ఇళ్లలో మొదటిసారి కలం పట్టింది మనమే. ఇంతకాలం మనవాళ్ల సంగతులు వేరేవాళ్ల చెవికి తోచినట్టు రాతలోకి ఎక్కాయి. ఇప్పుడు రాసే వంతు మనది. మనం కూడా తిరిగి అడగకుండా రాస్తే ఆ తప్పే చేసినవాళ్లమవుతాం.

అభ్యాసం

1. హార్వెస్ట్ హోమ్ మొదటి మూడు కొలతలను పాడి, కంచం మీద హార్న్‌పైప్ నడక వేయండి. ఒకరు పాడాలి, ఒకరు వేయాలి.

2. మీ ఊళ్లో వేర్వేరు పేర్లతో పిలిచే పాట, ఆట, దరువు ఏదైనా ఒకటి తీసుకోండి. కనీసం రెండు ఊళ్లలో అడిగి పేర్లన్నీ రాయండి. పక్కన ఊరి పేరు, చెప్పినవారి పేరు తప్పకుండా వేయండి.

3. రాసింది చెప్పినవారికి చదివి వినిపించండి. వాళ్లు "అదే" అన్నాకే నోటుబుక్కు మూయండి.

4. పదో తరగతి పరీక్ష ఫారం నింపే తమ్ముళ్లు, చెల్లెళ్లు అమ్మ పేరు, నాయన పేరు ఆధార్ కార్డులోనూ కుల ధ్రువపత్రంలోనూ ఒకే రకంగా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే వార్డెన్ సారుకు ఇప్పుడే చెప్పండి. తరువాత చాలా తిరగాల్సి వస్తుంది.

రెండో ప్రశ్నకు మీరు రాసిన జవాబులను వచ్చే ఏడాది సంచిక కోసం దాచిపెట్టండి. నేను మా నాయన చెప్పిన దరువులు తెస్తాను. మీవి మీరు తీసుకురండి.